పాలే తాగండి భవానీ

నా ఛాతీ ముప్పై మూడు అంగుళాలు. కానిస్టేబుల్ ఉద్యోగానికి ముప్పై నాలుగు కావాలి. ఊపిరి పీల్చి బిగబడితే ఆ పైన ఇంకో రెండు పెరగాలి. పెరగడంలో నాకు ఇబ్బంది లేదు. గాలి ఎంతైనా పీలుస్తాను, దానికి ఎవరూ డబ్బులడగరు. ఇబ్బందల్లా గాలి వదిలేశాక మిగిలే మనిషితోనే.

ఈ కొలత తీసింది మా అమ్మ. భవానీపురంలో మా ఇంటి ముందుగదిలో ఆవిడ జాకెట్లు కుడుతుంది. పాతికేళ్ళుగా ఆవిడ మెడలో ఒకటే పసుపురంగు టేపు. అంకెలు సగం అరిగిపోయాయి, అయినా వేలితో తడిమి చెప్పేస్తుంది. ఆ టేపుతో కొలిచి కుట్టిన జాకెట్టు బిగుతైందనో వదులైందనో వెనక్కి రావడం నేనెప్పుడూ చూడలేదు. అందుకే రాతపరీక్షలో తొలిమెట్టు దాటానని ఫోన్లో చూసుకున్న అయిదో నిమిషానికి చొక్కా విప్పి ఆవిడ మెషిను ముందు నిలబడ్డాను.

"ముప్పై మూడు," అంది అమ్మ. పక్కింటావిడ చేతి పొడుగు చెప్పినట్టే చెప్పింది.

"సరిగ్గా చూడమ్మా."

"ముప్పై మూడంటే ముప్పై మూడే. నాలుగని చెప్తే నాలుగైపోద్దా?"

నాన్న రైసుమిల్లులో గుమస్తా. లెక్కలో తేడా వస్తే ఊరుకోడు. పేపరు కొంచెం దించి నన్ను ఎగాదిగా చూసి, "వాడికి ఛాతీ ఎక్కడుందే? అది ముందువైపు వీపు," అన్నాడు.

కొలతల రోజుకి ఇంకా రెండు నెలల పైచిలుకుంది. ఆ సాయంత్రం నుంచి నాకు కాలు నిలవలేదు. అమ్మ టేపు అడిగితే ఇవ్వదు. అందుకని ఒక తెల్ల లంగాబొందు తీసుకుని, ఆవిడ టేపు పక్కన పెట్టి సరిగ్గా ముప్పై నాలుగు దగ్గర ముడేసి జేబులో పెట్టుకున్నాను. పోలీసు కాబోయేవాడి జేబులో లంగాబొందు ఉండకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదు, చూశాను.

నేను గవర్నర్‌పేటలో ఒక లాడ్జి కౌంటర్లో పనిచేస్తాను. గదుల తాళాలు ఇవ్వడం, తీసుకోవడం, వేన్నీళ్ళు రావట్లేదన్న వాళ్ళకి వస్తాయని చెప్పడం. మధ్యలో ఖాళీ దొరికితే తాళాల బోర్డు వెనక్కి వెళ్ళి చొక్కాలోపల బొందు చుట్టుకునేవాణ్ణి. కొస ముడిని అందుకోవాలి. అందుకునేది కాదు. మధ్యలో బొటనవేలంత ఖాళీ. పొద్దున ఖాళీ, మధ్యాహ్నం భోంచేశాక ఖాళీ. ఒకరోజు పై అంతస్తులో దిగిన పెద్దాయన బోర్డు పక్కనుంచి తొంగిచూసి, "ఏం బాబూ, ఒంట్లో బాగోలేదా? కట్టు కట్టుకుంటున్నావు," అన్నాడు. "కట్టు కాదండీ, కెరీరు," అన్నాను. ఆయన వేన్నీళ్ళ సంగతి అడక్కుండానే వెళ్ళిపోయాడు.

మా వీధి చివర టైల్స్ కొట్టు పైన జిమ్ ఉంది. చేరాను. కోచ్‌కి ముప్పై అయిదేళ్ళుంటాయి. మెడ లేదు, భుజాలే నేరుగా చెవులదాకా వచ్చి ఆగాయి. జిమ్ అంతటికీ కలిపి ఒక ట్యూబ్‌లైటు, అదీ కొట్టుకుంటూ ఉంటుంది. గోడకున్న అద్దాల అల్మరాలో మాత్రం వరసగా డబ్బాలు, ఒక్కో అరకీ రంగు లైట్లు. ఎవరైనా కొత్తగా వస్తే ముందు ఆ అల్మరా వైపే చూస్తారు. దండం పెట్టాలో వద్దో తెలియక ఒక్క క్షణం తడబడతారు కూడా.

"ఇంట్లో ఏం తింటావ్ బ్రదర్?"

"పెట్టింది తింటా అన్నా."

"ప్రోటీన్?"

"ఆదివారం వస్తుంది."

కోచ్ నవ్వలేదు. నా జబ్బ పట్టుకుని, సంతలో బీరకాయ లేతదో ముదురుదో చూసినట్టు నొక్కి చూశాడు. "రెండు నెలల్లో అంగుళం కావాలి నీకు. ఇది తిండితో అయ్యే పని కాదు, డబ్బాతో అయ్యే పని."

"డబ్బా లేకుండా అవ్వదా?"

"ఎందుకవ్వదు? అవుద్ది. నువ్వు రిటైరయ్యే టైముకి అవుద్ది."

నేను ఎవరినైనా వెక్కిరిస్తాను. కానీ భయపెడితే కొనేస్తాను. నా సంగతి కోచ్‌కి మొదటి రోజే అర్థమైంది. వారం తిరక్కుండా జీతంలో సగం పెట్టి రంగుల బక్కెట్టంత డబ్బా స్కూటర్ మీద కాళ్ళ మధ్య పెట్టుకుని ఇంటికి తెచ్చాను. డబ్బా మీద ఒక మనిషి బొమ్మ. మెడ నుంచి నడుము దాకానే ఉన్నాడు, తల లేదు. తల ఉన్నవాడైతే అంత ఖరీదు పెట్టి కొనేవాడు కాదని కంపెనీవాళ్ళకి తెలిసే తీసేసి ఉంటారు.

"ఎవరింటికి రంగులు?" అంది అమ్మ.

విషయం చెప్పాను. ఆవిడ మెషిను ఆపింది. "ఇంకా తెరవలేదుగా? మంచిదైంది. శుక్రవారం నువ్వు మాల వేసుకుంటున్నావ్."

సంగతేంటంటే, నేను రాతపరీక్ష దాటితే నాచేత భవానీ మాల వేయిస్తానని అమ్మ కొండ మీద అమ్మవారికి మొక్కింది. నాతో ఒక్కమాట అనలేదు. పరీక్ష నాది, మొక్కు ఆవిడది, మాల మళ్ళీ నాది. నలభై ఒక్క రోజులు ఎర్రబట్టలు, కాళ్ళకి చెప్పుల్లేవు, తెల్లారకముందే చన్నీళ్ళ స్నానం, చాప మీద పడక, మధ్యాహ్నం ఒక్కపూట భోజనం. రాత్రికి ఏదో కాస్త. కోడి మాట దేవుడెరుగు, గుడ్డు కూడా కుదరదు. మాలలో ఉన్నవాణ్ణి పేరుపెట్టి పిలవరు. ఇంట్లో వాళ్ళైనా సరే 'భవానీ' అనాలి, మీరు అనాలి. దీక్ష ముగిసిన నాలుగో రోజు నా కొలతలు.

"ముందే చెప్పొచ్చుగా అమ్మా!"

"చెప్తే పాసయ్యేవాడివి కాదు."

నేను డబ్బా ఎత్తి మూల పెట్టాను.

మా పేటలో మాలలు వేసే గురుభవాని బస్సు కండక్టరుగా చేసి రిటైరైన పెద్దాయన. మాల వేసుకున్న సాయంత్రమే డబ్బా చంకన పెట్టుకుని ఆయన దగ్గరికెళ్ళాను. ఆయన కళ్ళజోడు పైకి నెట్టి, కాలం చెల్లిన పాసు పట్టుకున్నట్టు దాన్ని నాలుగువైపులా తిప్పి చూశారు.

"ఆకుపచ్చ చుక్క ఉంది. శాకాహారమే. రుచి ఏంటి భవానీ?"

"చాక్లెట్ భవానీ."

"చాక్లెట్ తాగుతూ దీక్ష చెయ్యడం నేను చూళ్ళేదు భవానీ."

"ఇది తిండి కాదు భవానీ, మందులాంటిది."

"జబ్బేంటి?"

"ఛాతీ అంగుళం తక్కువ."

ఆయన నా ఛాతీ వైపు చూశారు. జాలిపడినట్టే ఉన్నారు గానీ డబ్బా మాత్రం ఇంకా ఆయన చేతిలోనే ఉంది. "దేంతో చేస్తారు దీన్ని?"

నాకు ఆశ పుట్టింది. కోచ్ చెప్పింది గుర్తుతెచ్చుకుని, "పాలతో భవానీ. పాలు విరగ్గొడితే మిగులుతుందే విరుగుడు తేట, దాన్ని ఎండబెట్టి పొడి చేస్తారట. రాత్రిపూట పాలు తాగొచ్చని మీరే అన్నారుగా. ఇవీ పాలే," అన్నాను.

"అయితే పాలే తాగండి భవానీ," అని డబ్బా నా ఒళ్ళో పెట్టారు. టిక్కెట్టు కొట్టేసిన బస్సులో ఇక వాదించేదేముంటుంది?

డబ్బా ఫ్రిజ్ పైకెక్కింది. పక్కన దారపు ఉండలు, మధ్యలో తల లేని మనిషి.

మర్నాడు ఎర్రబట్టల్లో, ఒట్టికాళ్ళతో జిమ్‌కి వెళ్ళాను. వ్యాయామం మానమని ఎవరూ అనలేదు కదా. కోచ్ నన్ను చూసి నోట్లో ఉన్న తిట్టు మింగేశాడు. ముందురోజు దాకా "లేపరా ఎద్దూ, ఏం తిన్నావ్ పొద్దున" అన్న మనిషి, "లేపండి భవానీ... ఇంకొక్కటి భవానీ... మోకాలు బయటికి పోతోంది, చూసుకోండి భవానీ" అనాల్సి వచ్చింది. ఆ గౌరవానికి నా చేతుల్లో బలం పోయేది. తిట్టేటప్పుడు పన్నెండు సార్లు లేచిన బరువు, మీరు అంటుంటే తొమ్మిది దగ్గర ఆగిపోయేది. నేనున్నంతసేపు పాటలు ఆపేశారు. బూతులు ఆపేశారు. నా పుణ్యాన పదిమంది మగాళ్ళు చావింట్లోలా నిశ్శబ్దంగా బరువులెత్తారు.

"గుడ్డు లేదు, కోడి లేదు, డబ్బా లేదు. ఉన్న కండ కూడా కరిగిపోద్ది భవానీ," అని కోచ్ తల పట్టుకున్నాడు.

"ఉంటేగా అన్నా, కరగడానికి."

ఇంట్లోనూ అదే అవస్థ. నాన్న నన్ను పేరు పెట్టి పిలిచింది తక్కువ, 'ఒరేయ్'తోనే గడిపేశాడు పాతికేళ్ళు. ఇప్పుడు, "భవానీ, ఆ రిమోట్ ఇటిస్తారా?" అనాల్సొచ్చేసరికి, అడగడం కంటే లేచి తెచ్చుకోవడమే నయమని లేచేవాడు. ఆ నలభై రోజుల్లో మా ఇంట్లో ఎవరికైనా ఒళ్ళు తగ్గిందంటే అది నాన్నకే.

తిండి గురించి చెప్పాలి. ఒక్కపూట తినాలన్నారు గానీ, ఆ పూట ఎంతో ఎవరూ చెప్పలేదు. అమ్మ ఆ సందులోంచి దూరింది. ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు, శనగల తాలింపు, అలసందల కూర, గడ్డపెరుగు. వడ్డిస్తూ, "ఇంకొంచెం వేసుకోండి భవానీ," అంటుంది. మామూలు రోజుల్లో చాలమ్మా అని అరవొచ్చు. అంత మర్యాదగా అడిగేవాళ్ళ మీద ఎలా అరుస్తాం? రాత్రికి పెద్ద గ్లాసుడు గేదెపాలు, మూడు అరటిపళ్ళు. తినేసి చాప మీద పడుకుంటే తొమ్మిదిన్నరకల్లా నిద్ర. అంతకుముందు రెండింటిదాకా ఫోను చూసేవాణ్ణి. దీక్షలో అదీ కట్.

నిద్ర పడుతోంది గానీ నెమ్మది లేదు. కళ్ళు తెరిస్తే బొందు. స్నానం చేసి బొందు, బస్సు దిగి బొందు. పదిహేనో రోజుకి ఖాళీ బొటనవేలంతే ఉంది. ఇరవయ్యో రోజుకీ అంతే. అమ్మ టేపూ అదే మాట: "ముప్పై మూడూ... పావు ఉంటదేమో భవానీ." ఉంటదేమో! ఎవరికైనా జాకెట్టు కొలత ఇలా చెప్తుందా?

ఇరుముడిలోకి పుట్టింటి బియ్యం కావాలని అమ్మ నన్ను పామర్రు పంపింది. అక్కడ మా మావయ్యకి ఎరువుల కొట్టుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా గానీ కూర్చున్నట్టు లేదు. ఎదురుసీట్లో ఒక కుర్రాడు చెయ్యెత్తి కడ్డీ పట్టుకుంటే వాడి ఛాతీ చొక్కాని బిగదీసింది. వాణ్ణి చూసినంతగా ఆ దారిలో నేను ఏ చేనునీ చూళ్ళేదు.

మావయ్య కొట్లో నన్ను చూసి, "ఏం అల్లు..." అని నాలిక్కరుచుకుని, "రండి భవానీ," అన్నాడు. అరటిపండు చేతిలో పెట్టాడు. నేను కూర్చోకుండా కొట్టంతా తిరుగుతుంటే, "ఏంటి భవానీ, చీమలు కుడుతున్నాయా?" అన్నాడు. ఛాతీ కథ, డబ్బా కథ చెప్పాను. ఎరువులమ్మేవాడు కదా, నా బాధ అర్థమవుతుందనుకున్నాను.

"ఇక్కడికొచ్చే రైతులదీ ఇదే గోల," అన్నాడు మావయ్య. "నాటు వేసి వారం కాదు, వచ్చేస్తారు. పక్కోడి చేను నల్లగా ఉందండీ, నాదీ నల్లబడాలండీ అంటారు. ఇంకో కట్ట యూరియా అడుగుతారు. ఇస్తా. ఇవ్వకపోతే ఎదురుకొట్టోడిస్తాడు. అది చల్లితే చేను పచ్చదనం ముదిరి నల్లగా నిగనిగలాడిపోద్ది. ఆ నిగనిగ చూసి ముందు పురుగొచ్చి కూర్చుంటది. మళ్ళీ పురుగుమందుకి నా దగ్గరికే వస్తారు."

"మరి ఏం చెయ్యాలంట?"

"ముందు అది వేళ్ళూనుకోవాలి భవానీ. నీళ్ళు పెట్టాలి, కలుపు తియ్యాలి, ఇంటికెళ్ళి పడుకోవాలి. ఆ ఆఖరుదే ఎవరికీ చేతకాదు. చేను పెరుగుతుంటే పడుకోలేరు. ఏదో ఒకటి చల్లాలి. చల్లితే మనసు కుదుటపడుతుంది. చేనుకి కాదు, చల్లినోడికి."

"ఈ మాట రైతులకి చెప్పొచ్చుగా?"

"కొట్లో కూర్చుని ఎలా చెప్తాను? మీరంటే బియ్యం కోసం వచ్చారు."

బియ్యం మూట ఒళ్ళో పెట్టుకుని తిరుగు బస్సెక్కాను. మావయ్య మాటలు బాగానే ఉన్నాయి. కానీ ఆయన చేనుకి ఎవరూ టేపు పట్టి, అంగుళం తక్కువ, పో అని పంపించరు. నాకు పంపిస్తారు.

ముప్పై అయిదో రోజు మధ్యాహ్నం ఆ పని చేశాను. లాడ్జికి సెలవు. నాన్న మిల్లుకి వెళ్ళాడు, అమ్మ ఎవరికో జాకెట్లు ఇవ్వడానికి వెళ్ళింది. బొందు చుట్టుకుంటే ఇంకా చిటికెనవేలు మందం ఖాళీ. కొలతలకి ఇంకా పది రోజులు. పది రోజుల్లో చిటికెనవేలు ఎలా మాయమవుతుంది? ఫ్రిజ్ మీద తల లేని మనిషి నన్నే చూస్తున్నాడనిపించింది. దేంతో చూస్తున్నాడో అడక్కండి. స్టూలేసి దించాను. మూత తిప్పాను. లోపల వెండి రేకు సీలు. గోరు పెట్టి ఒక మూల లేపాను. పిల్లల పుట్టినరోజు కేకు వాసనొచ్చింది. ముప్పై అయిదు రోజుల తర్వాత ఆ వాసన ఎంత అన్యాయమో చెప్పలేను.

సగం సీలు చింపేసరికి గుమ్మంలో అమ్మ.

మామూలుగా అయితే చెప్పుతో కొట్టేది, లేదంటే వీధంతా వినపడేలా తిట్టేది. నేను దానికి సిద్ధంగానే ఉన్నాను. కానీ నా ఒంటిమీద ఎర్రబట్టలున్నాయి. అమ్మ సంచీ కింద పెట్టి, రెండు చేతులూ కట్టుకుని, "ఏం చేస్తున్నారు భవానీ?" అంది.

అంతే. కోపం లేదు, వెటకారం లేదు. కన్నతల్లి తనని మీరు అని ప్రశ్న అడిగితే ఏ కొడుకైనా ఏం చెప్తాడు? "వాసన చూస్తున్నా," అన్నాను. అది నిజమే. అంతకంటే ఏమీ చెయ్యలేదు కాబట్టి.

"చూశారుగా. పెట్టేయండి."

పెట్టేశాను. ఆవిడ పాలు కాచి ఇచ్చింది. వేళ కాని వేళ అయినా ఏమీ అనలేదు. తాగుతుంటే పక్కనే కూర్చుని, గొంతు తగ్గించి, "రాకపోతే రాదు. లాడ్జి ఉందిగా," అంది. అప్పుడర్థమైంది, ఆవిడక్కూడా నెమ్మది లేదని. ఆ టేపులో ముప్పై నాలుగు కోసం ఆవిడా నాతోపాటే వెతుకుతోంది. మొదటి రోజు "నాలుగని చెప్తే అయిపోద్దా" అన్న మనిషి, ఈమధ్య పావులూ అరలూ ఎందుకు గొణుగుతోందో అప్పుడు తట్టింది.

దీక్ష ముగిసింది. కొండచుట్టూ నడిచి, ఇరుముడి సమర్పించి, మాల తీశాను. ఇంటికి రాగానే నాన్న, "ఒరేయ్, రిమోట్ ఏదిరా?" అన్నాడు. నలభై ఒక్క రోజుల బాకీ తీర్చుకున్నట్టు ఆ సాయంత్రం ఇంకో పదిసార్లు ఒరేయ్ అన్నాడు. అమ్మ ఆఖరుసారి కొలిచింది. ముప్పై మూడూ ముప్పావు. మధ్యలో మూడు రోజులున్నాయి. ఆ మూడు రోజులూ గుడ్లు తిన్నాను, పూటకి నాలుగు. అవి ఛాతీ దాకా వెళ్ళలేదు. పొట్ట దగ్గరే గది తీసుకుని ఉండిపోయాయి.

గ్రౌండులో పొద్దున్నే చొక్కాల్లేకుండా నిలబెట్టారు. ముందు వరసంతా ఛాతీలే. వరసలో నిలబడి కూడా బొందు చుట్టుకున్నాను. కొసకీ ముడికీ మధ్య ఇంకా ఒక సన్నటి సందు. వెనకాల ఉన్నవాడు, "బ్రదర్, అది లంగాబొందా?" అన్నాడు. "తాయెత్తు," అన్నాను. వాడు భక్తిగా తలూపాడు.

నా వంతు వచ్చింది. టేపు చల్లగా తగిలింది. కొలిచే ఆయనకి నా మొహంతో పనిలేదు.

"ఎనభై ఎనిమిది," అన్నాడు పక్కన రాసుకునే ఆయనతో. వాళ్ళది సెంటీమీటర్ల లెక్క. నాకు కావాల్సింది ఎనభై ఆరు, పైన కొంచెం. "ఊపిరి పట్టు... తొంభై నాలుగు. ఓకే. నడువ్."

నేను నడవలేదు. "సార్, ఇంకోసారి కొలుస్తారా?"

ఆయన అప్పుడు చూశాడు నా మొహం. "పోయినోడు అడుగుతాడయ్యా ఇంకోసారి. నీకేం రోగం?"

ఆ తర్వాత పరుగు కూడా ఎలాగో గట్టెక్కాను. నలభై రోజులు ఒట్టికాళ్ళతో విజయవాడ రోడ్ల మీద తిరిగినవాడికి బూట్లిస్తే వాటంతటవే పరిగెత్తుతాయి. ఆఖరి రాతపరీక్ష ఇంకా ఉంది, అది మెదడు విషయం. దానికింకా డబ్బాలు రాలేదు. వచ్చాయేమో కూడా.

ఇంట్లో అమ్మవారి దయ అన్నారు. జిమ్‌కి వెళ్తే కోచ్ నన్ను ఎత్తేసుకున్నాడు. అద్దాల అల్మరా ముందు నిలబెట్టి, చేతిలో డబ్బా పెట్టి ఫోన్ తీశాడు. "నవ్వు. స్టేటస్‌లో పెడదాం."

"అన్నా, నేను ఒక్క చెంచా కూడా తాగలేదు."

"అది ఫొటోలో పడదు కదరా."

"పడదు. కానీ చూసినోళ్ళలో ఒకడు నాలాంటివాడే ఉంటాడు. జీతంలో సగం పెట్టి కొంటాడు. నాకులా వాడికి అడ్డుపడేవాళ్ళెవరూ ఉండరు."

కోచ్ ఫోన్ దించాడు. చుట్టూ చూసి, బరువులు సర్దే నెపంతో నా పక్కకొచ్చాడు. "నాకు తెలీదనుకున్నావా? నేను మొదలెట్టినప్పుడు రెండేళ్ళు ఉడకబెట్టిన శనగలూ గుడ్లే. కొత్తోడికి ఏం చేసినా కండొస్తది. బరువెత్తి, కడుపునిండా తిని, పడుకుంటే చాలు. డబ్బా ఆ తర్వాత మాట. తిండి సరిపోనోడికి, పోటీలకెళ్ళేవాడికి పనికొస్తుంది. కానీ ఆ మాట చెప్తే ఈ అల్మరా కదలదు. అల్మరా కదలకపోతే కింద టైల్సాయన నన్ను కదిలిస్తాడు."

చేతిలో డబ్బా తీసి అల్మరాలో పెట్టేశాను. డబ్బా లేకుండా ఫొటో దిగాను. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక కట్టుకున్నాను. అందులో నేను కండలవాడిలా కాదు, ప్రిన్సిపాల్ రూము బయట నిలబడ్డవాడిలా ఉన్నాను.

అయినా ఒకటి మింగుడుపడలేదు. ఇంట్లో ముప్పై మూడూ ముప్పావు, గ్రౌండులో అంతకి దాదాపు అంగుళం ఎక్కువ. స్కూటర్ మీద పాతిక నిమిషాల దూరంలో మనిషి అంత పెరుగుతాడా? ఆ వారమే గవర్నర్‌పేటలో లాడ్జి వెనక గుండీలూ జిప్పులూ అమ్మే కొట్లో కొత్త టేపొకటి కొన్నాను. ఇంటికొచ్చి, అమ్మ గుడ్డలు కోసే బల్ల మీద పాతదీ కొత్తదీ పక్కపక్కనే పరిచాను. పాతదాంట్లో ముప్పై మూడు ఉన్నచోట, కొత్తదాంట్లో ముప్పై నాలుగు.

"అమ్మా, నీ టేపు సాగిపోయింది."

"అవును," అంది అమ్మ, సూదిలో దారం ఎక్కిస్తూ.

"తెలుసా నీకు?"

"నా టేపు నాకు తెలీదా? నువ్వు పదో తరగతిలో ఉన్నప్పుడే సాగింది."

"మరి మార్చలేదేం?"

"ఎందుకు మారుస్తా? దీంతోనే కొలుస్తా, దీంతోనే గుడ్డ కోస్తా. తేడా ఎక్కడొస్తది? పుస్తకంలో ఉన్న కొలతలన్నీ దీనివే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

అమ్మ చెయ్యి ఆగింది. దారం కొస సూదికి అవతల గాల్లో ఉండిపోయింది. ఆవిడ జీవితంలో కొలవడమంటే తర్వాత కోయడం. కొలిచి, దాన్ని తీసుకెళ్ళి ఇంకొకళ్ళ టేపు ముందు నిలబెడతారని ఆవిడకి ఎప్పుడూ తట్టలేదు. ఇప్పుడే తట్టినట్టుంది.

"అయితే... మొదటి రోజే సరిపోయావా నువ్వు?"

నిజం చెప్పాలంటే అవును. వెంట్రుకవాసి మీద. ఆ డబ్బా, ఆ బొందు, తాళాల బోర్డు వెనక ఆ పూటలన్నీ... నా దగ్గర కనీసం నాలుగు జోకులున్నాయి. ఆవిడ మొహం చూసి మింగేశాను.

"సరిగ్గా అంచు మీద ఉన్నానమ్మా. అక్కడాయన టేపు కాస్త బిగించి లాగితే పోయేవాణ్ణి. ఈ ముప్పావు పెరగబట్టే ఆగాను."

అది అబద్ధం కాదు. ఆ ముప్పావు ఏ టేపుతో కొలిచినా ముప్పావే. అది పప్పుదీ, పాలదీ, తొమ్మిదిన్నర నిద్రదీ, 'లేపండి భవానీ'దీ.

అమ్మ కాసేపు రెండు టేపులనీ చూసింది. కొత్తదాన్ని చుట్టచుట్టి నా చేతిలో పెట్టింది. "ఇది నువ్వే ఉంచుకో. దీంతో కొలిస్తే పేటలో ఆడోళ్ళందరూ అంగుళం లావైపోతారు. నా ప్రాణం తీస్తారు."

కొలతల పుస్తకం బల్ల మీదే తెరిచి ఉంది. పక్కింటావిడ పేజీకీ, పాలకేంద్రం ఆవిడ పేజీకీ మధ్య నాకో పేజీ ఉందని అప్పుడే చూశాను. పేరు లేదు, 'అబ్బాయి' అని ఉంది. కింద వరసగా ముప్పై మూడు, ముప్పై మూడు, ముప్పై మూడు, పక్కన చిన్న పావు, తర్వాత అర, ఆఖర్న ముప్పావు.

"కొలువమ్మా ఇంకోసారి," అన్నాను. "పాతదాంతోనే."

చొక్కా విప్పి నిలబడ్డాను. పసుపు టేపు చుట్టూ తిరిగి వచ్చింది. ఆవిడ వేలితో తడిమి, కళ్ళు చిన్నవి చేసి చూసి, ఈసారి ఏమీ గొణక్కుండా చెప్పింది.

"ముప్పై మూడూ ముప్పావు. ఇంకా పావు తక్కువ."

"ఇప్పుడెలాగ?"

"పొయ్యి మీద పాలున్నాయి," అంది అమ్మ. "తాగు."